‘పిల్లి మోచేయి’ అనే ఇంటిపేరు నిజంగా ఉందా? కాట్సెనెలెన్‌బోగెన్ ఎక్కడి పేరు?

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మీ సహోద్యోగి ఒకరి ఇంటిపేరు కాట్సెనెలెన్‌బోగెన్. ఫోనులో అనువాదం చూస్తే ‘పిల్లి మోచేయి’ అని వచ్చింది. ఒకప్పుడు జర్మన్ అధికారులు యూదులను వెక్కిరించడానికి ఇలాంటి పేర్లు అంటగట్టేవారని ఎక్కడో చదివారు. ఇది అలాంటిదేనా, ఈ పేరున్నవారందరూ ఒకే కుటుంబమా, ఆయనను అడిగితే నొచ్చుకుంటారా అన్నవి మీ సందేహాలు.

సూటిగా చెబుతాను. అది ఊరిపేరు, వెక్కిరింత కాదు. జర్మనీలో రైన్ నదికి తూర్పున, లాన్ నదికి దక్షిణాన కాట్సెనెల్న్‌బోగెన్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి నుంచి వచ్చిన ఒక యూదు కుటుంబానికి, ఇటలీలోని పాడువా నగరంలో, 16వ శతాబ్దంలో ఆ ఊరిపేరే గుర్తుగా నిలిచింది. అధికారులు యూదులకు ఇంటిపేర్లు తప్పనిసరి చేసింది 18వ శతాబ్దం చివర. రెండిటికీ మధ్య రెండు వందల ఏళ్ళకు పైగా దూరం ఉంది కనుక, ఈ పేరు ఏ గుమాస్తా చమత్కారమూ కాదు. ఒకే కుటుంబమా అంటే చాలామటుకు అవును, కానీ ఆ ‘చాలామటుకు’లోనే అసలు చిక్కంతా ఉంది. నొచ్చుకోవడం సంగతి చివర చెబుతాను.

నేను జర్మనీలో ఇరవై రెండేళ్ళుగా ఉంటున్నాను. పాత జర్మన్ చేతిరాతలో ఉన్న జనన మరణ రిజిస్టర్లు, ఒప్పంద పత్రాలు చదివి, తమ పూర్వీకులను వెతుక్కునేవారికి మామూలు జర్మన్‌లోకో ఇంగ్లీషులోకో రాసిపెట్టడం నా పని. వాళ్ళలో సగం మంది యూదు కుటుంబాలవారే. ఈ ఇంటిపేరు నా బల్ల మీదకు నాలుగైదు సార్లు వచ్చింది. వచ్చిన ప్రతిసారీ మొదటి ప్రశ్న మీరడిగినదే: పిల్లికి మోచేయి ఏమిటి?

ఊరికి ఆ పేరు ఎలా వచ్చింది? ‘ఎల్న్‌బోగెన్’ అంటే పాత జర్మన్‌లో మోచేయి. నదో వాగో మోచేయిలా వంగిన చోట వెలసిన ఊరిని అలా పిలవడం ఆ భూముల్లో మామూలే. ‘కాట్సెన్’ అన్న ముందు భాగం మీదే తగవు. కాట్సె అంటే పిల్లి కనుక అడవిపిల్లులు తిరిగే వంపు అని కొందరంటారు. జర్మన్‌లో ‘పిల్లి’ని ముందు తగిలిస్తే చిన్నది, లెక్కలోకి రానిది అన్న అర్థం కూడా వస్తుంది, అది చిన్న వంపు అని మరికొందరంటారు. పునరుజ్జీవన కాలపు లాటిన్ పండితులకు ఇంత సాదా అర్థం రుచించలేదు. రోమన్ల కాలంలో అక్కడున్న ‘కట్టీ’ అనే తెగ పేరునూ, ‘మెలిబోకుస్’ అనే కొండ పేరునూ కలిపి ‘కట్టిమెలిబోకుస్’ అని ఒక గంభీరమైన వ్యుత్పత్తి కల్పించారు. మన స్థలపురాణాల్లో ప్రతి చిన్న ఊరికీ ఒక సంస్కృత నామం తగిలిస్తారే, అదే పద్ధతి. వినడానికి బాగుంటుంది, నేను మాత్రం వాగు వంపు వైపే.

ఊరు చిన్నదే కానీ, దాని పేరు పెట్టుకున్న ప్రభువంశం చిన్నది కాదు. 11వ శతాబ్దం చివర అక్కడ కోట కట్టిన కౌంట్లు క్రమంగా రైన్ ఒడ్డుకు దిగి, పడవల మీద సుంకాలు వసూలు చేసి ఐశ్వర్యవంతులయ్యారు. 1245లో సాంక్ట్ గోఆర్ దగ్గర రైన్‌ఫెల్స్ కోట కట్టారు. ఎదుటి ఒడ్డున మరో కోట కట్టి ‘కొత్త కాట్సెనెల్న్‌బోగెన్’ అన్నారు. అంత పొడుగు పేరు పలకలేక జనం దాన్ని ‘కాట్స్’, అంటే పిల్లి, అని కుదించేశారు. కొద్ది దూరంలో ట్రియర్ ఆర్చిబిషప్పు కట్టుకున్న కోటకు ‘మౌస్’, అంటే ఎలుక, అన్న పేరు స్థిరపడింది. రైన్ మీద పడవ ప్రయాణం చేస్తే ఇప్పటికీ రెండూ కనిపిస్తాయి. రీస్లింగ్ ద్రాక్ష తీగలు కొన్నట్టు దొరికిన మొట్టమొదటి లిఖిత ఆధారం, 1435 నాటిది, ఈ కౌంట్ల ఖాతా పుస్తకంలోనే ఉంది. 1479లో మగసంతానం లేక వంశం ఆగిపోయింది. ఆస్తి హెస్సే ప్రభువులకు పోయింది, బిరుదు కోసం నసావ్ వంశం వారు దశాబ్దాల పాటు పోట్లాడారు. ఆ పోట్లాట గుర్తుగానే కావచ్చు, నెదర్లాండ్స్ రాజుగారి పూర్తి బిరుదుల జాబితాలో ‘కాట్సెనెల్న్‌బోగెన్ కౌంట్’ అన్నది నేటికీ ఉంది.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, ఈ పేరున్నవారిని ‘మీరు ఆ జమీందారీ వంశమా’ అని అడిగేవారు ఎప్పుడూ ఉంటారు. కాదు. ఊరు ఒకటే, ఇళ్ళు వేరు.

ఇప్పుడు ఇంటిపేరు దగ్గరకు వద్దాం. మధ్యయుగంలో యూదులకు మతపరమైన వ్యవహారాల్లో పేరు అంటే ‘ఫలానావారి కొడుకు ఫలానా’. వంశం పొడుగునా కొనసాగే ఇంటిపేరు ఉండి తీరాలన్న నియమం లేదు. కానీ ఊరు మారినప్పుడు ఇద్దరు మెయిర్‌లు, ముగ్గురు ఐజాక్‌లు ఒకేచోట చేరతారు. అప్పుడు ‘ఎక్కడి మెయిర్?’ అన్న ప్రశ్న వస్తుంది. దానికి వచ్చిన జవాబే ఇంటిపేరు.

ఇక్కడ తెలుగువాళ్ళకు కొత్తగా నేర్పవలసింది ఏమీ లేదు. కందుకూరు నుంచి వచ్చినవారు కందుకూరివారయ్యారు, ఆ ఇంట్లో పుట్టిన వీరేశలింగం గారు పెరిగింది రాజమండ్రిలో. గురజాడ కృష్ణా జిల్లా ఊరు, అప్పారావు గారు బతికింది విజయనగరంలో. ఊరిపేరు ఊరు వదిలినవాడికే అంటుకుంటుంది. ఊళ్ళోనే ఉన్నవాడిని ఊరిపేరు పెట్టి పిలిస్తే అది గుర్తుగా ఎలా పనికొస్తుంది? అందుకే ఒక ఊరి ఇంటిపేరు కనబడితే, ఆ పేరు పుట్టిన చోటు ఆ ఊరు కాదని ముందే అనుకోండి. కాట్సెనెలెన్‌బోగెన్ అన్న ఇంటిపేరు పుట్టింది ఆల్ప్స్ పర్వతాలకు అవతల, పాడువాలో.

అది మోసుకొచ్చిన మనిషి మెయిర్ బెన్ ఐజాక్. 1482 ప్రాంతంలో పుట్టారు, ప్రాగ్‌లో యాకోబ్ పోలక్ అనే ప్రసిద్ధ గురువు దగ్గర చదువుకున్నారు, తర్వాత పాడువా చేరారు. అప్పుడు పాడువా వెనిస్ గణరాజ్యం కింద ఉండేది. జర్మన్ నేలల నుంచి వెళ్ళగొట్టబడిన యూదులు అక్కడ పెద్ద పాఠశాల నడుపుతున్నారు. దాని పెద్ద యూదా మింట్స్. ఆ ‘మింట్స్’ కూడా ఊరిపేరే, మైన్ట్స్ నగరం. మెయిర్ ఆ మింట్స్‌గారి మనవరాలిని పెళ్ళి చేసుకుని, మామగారి తర్వాత పాడువా రబ్బీ, అంటే యూదు మతగురువు, అయి, 1565లో మరణించేదాకా ఆ స్థానంలో ఉన్నారు. అదే దారిన ఇటలీ చేరిన ఇతర కుటుంబాల పేర్లు కూడా చూడండి: ఎట్‌లింగెన్ నుంచి వచ్చినవారు ఒట్టొలెంగి అయ్యారు, నేటి స్లొవేనియాలోని మారిబోర్ నుంచి వచ్చినవారు మోర్‌పుర్గో అయ్యారు. ఇటాలియన్ నాలుక వాళ్ళ ఊళ్ళను అలా నమిలింది. కాట్సెనెలెన్‌బోగెన్‌ను మాత్రం నమలలేకపోయింది.

ఒక తమాషా ఉంది. ధర్మశాస్త్ర గ్రంథాల్లో ఈయనను ఎవరూ కాట్సెనెలెన్‌బోగెన్ అనరు, ‘పాడువా మహారామ్’ అంటారు (‘మా గురువు రబ్బీ మెయిర్’ అన్న హీబ్రూ మాటలకు కుదింపు). పండితలోకం ఆయన చేరిన ఊరిపేరుతో పిలిచింది, సంతానానికి ఆయనవాళ్ళు వదిలిన ఊరిపేరు మిగిలింది.

ఆయన గురించి ఇంకొక్క సంగతి చెప్పకుండా ఉండలేను, దానికి ఇంటిపేరుతో సంబంధం లేకపోయినా. 1550లో ఆయన మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడీస్ రాసిన ధర్మశాస్త్రాన్ని తన వ్యాఖ్యలతో వెనిస్‌లో బ్రగదీన్ ముద్రణాలయంలో అచ్చు వేయించారు. జుస్తినియాని అనే పోటీ ముద్రాపకుడు అదే గ్రంథాన్ని చవకగా దించాడు. మెయిర్ గారు పోలండ్‌లోని క్రాకోలో ఉన్న మోజెస్ ఇస్సెర్లెస్‌కు మొరపెట్టుకుంటే, అప్పటికి ఇంకా యువకుడైన ఆ పండితుడు, పోటీ ప్రతిని కొన్న యూదులు వెలికి గురవుతారని తీర్పు ఇచ్చాడు. గ్రంథహక్కుల చరిత్ర రాసేవారు ఈ తీర్పును తరచు తలుచుకుంటారు. తగవు అంతటితో ఆగక రోమ్ దాకా వెళ్ళింది. ఇద్దరు ముద్రాపకులూ ఒకరి పుస్తకాల మీద ఒకరు పోపు దగ్గర ఫిర్యాదులు చేసుకున్నారు. 1553లో రోమ్‌లో యూదుల ధర్మగ్రంథమైన తాల్ముద్ ప్రతులను కుప్పలు పోసి తగలబెట్టించడానికి ఈ తగవు దారితీసిందని చరిత్రకారులంటారు.

మరి పిల్లి? పాడువాలో వియా వీల్ అనే వీధిలో పాత యూదు శ్మశానం ఉంది. అందులో మెయిర్ గారి సమాధి రాయి మీద ఒక పిల్లిని చెక్కారు. మీ సందేహానికి నా దృష్టిలో ఇదే మంచి సమాధానం. ఊరిపేరులో పిల్లి నిజమైన పిల్లో కాదో పండితులు తేల్చుకుంటారు. ఆ కుటుంబం మాత్రం పిల్లి అనే అనుకుంది, దాన్ని దాచుకోలేదు, రాతి మీద పెట్టుకుంది. అందుకే నా దగ్గరకు వచ్చినవారికి ఎప్పుడూ చెబుతాను: పేరు మాటకు అర్థం ఒకటి, ఆ పేరు ఒక ఇంటికి రావడానికి కారణం మరొకటి. పిల్లలమర్రివారిని ‘మీ ఇంట్లో పిల్లలు ఎక్కువా, మర్రిచెట్టు ఉందా’ అని మనం అడగం, సూర్యాపేట దగ్గరి ఊరు తలుచుకుంటాం. అనువాద యంత్రం మొదటి ప్రశ్నకే జవాబు చెప్పగలదు. మీకు కావలసింది రెండవది.

ఇక అధికారుల వెక్కిరింత సంగతి. మీరు చదివినది పూర్తిగా గాలి కబురు కాదు, అందుకే కాస్త విడమరచాలి. రెండవ జోసెఫ్ చక్రవర్తి 1787 జులైలో ఆస్ట్రియా ఏలుబడిలోని యూదులందరూ స్థిరమైన ఇంటిపేరు పెట్టుకోవాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆస్ట్రియా కింద ఉన్న గలీషియా ప్రాంతంలో (నేటి దక్షిణ పోలండ్, పశ్చిమ ఉక్రెయిన్) పేర్లు అధికారుల చేతిలో పడ్డాయి. లంచం ఇచ్చినవారికి పూల పేర్లు, బంగారం పేర్లు, ఇవ్వనివారికి నవ్వులపాలయ్యే పేర్లు అన్న కథలు అక్కడివే. వికారమైన పేర్లు కొన్ని నిజంగానే ఉన్నాయి, కానీ కథలు చెప్పుకున్నంత విరివిగా లేవు, ఆ కథల్లో చాలావరకు తర్వాతి తరాల హాస్యం. జర్మన్ రాజ్యాల్లో పద్ధతి వేరు. ప్రష్యాలో 1812 మార్చి 11 నాటి శాసనం యూదులకు పౌరసత్వం ఇస్తూ, ఆరు నెలల్లో ఏ ఇంటిపేరు పెట్టుకుంటారో చెప్పమంది. బాడెన్‌లో 1809లో, బవేరియాలో 1813లో, వ్యూర్టెంబర్గ్‌లో 1828లో ఇలాంటివే వచ్చాయి. అంటే కుటుంబమే ఎంచుకుంది. అప్పటికే ఒక పేరుతో వాడుకలో ఉన్నవారు దాన్నే రాయించుకున్నారు.

ఇక్కడ నాకు పనిలో బాగా అక్కరకు వచ్చే ఒక చిన్న సూత్రం చెబుతాను. నెపోలియన్ 1808 జులై 20న ఫ్రెంచి సామ్రాజ్యంలోని యూదులకు ఇచ్చిన ఆజ్ఞలో, కొత్తగా పెట్టుకునే ఇంటిపేరు పాత నిబంధనలోని పేరు కాకూడదు, నగరం పేరూ కాకూడదు అని ఉంది. అంతకుముందే ఆ పేరుతో తెలిసినవారికి మాత్రం మినహాయింపు. రైన్ ఎడమ ఒడ్డు అప్పుడు ఫ్రెంచివారిది. కనుక ఆ ప్రాంతపు రిజిస్టర్లలో ఊరిపేరు ఇంటిపేరుగా కనబడితే, అది 1808కి ముందే వాడుకలో ఉందని అనుకోవడానికి గట్టి ఆస్కారం ఉంటుంది. గట్టి ఆస్కారమే సుమా, రుజువు కాదు. చూసీ చూడనట్టు పోయిన గుమాస్తాలు ఎక్కడైనా ఉంటారు.

మీ సహోద్యోగి ఉన్నది ఫ్రాంక్‌ఫర్ట్‌లో కనుక ఆ ఊరి సంగతి కూడా ఒక్క మాట. అక్కడ యూదులను 1462 నుంచి ఒకే సన్నని వీధిలో ఉంచారు. ఇళ్ళకు అంకెలు లేవు, గుమ్మాలకు గుర్తులు ఉండేవి. ఎర్ర డాలు గుర్తున్న ఇంట్లోవారు రోత్‌షీల్డ్‌లు అయ్యారు, నల్ల డాలు ఇంటి నుంచి వచ్చిన పేరు ష్వార్ట్స్‌షీల్డ్. మన భాషలో ‘ఇంటిపేరు’ అన్న మాట ఆ వీధిలో అక్షరాలా నిజమైంది. అన్నట్టు, రోత్‌షీల్డ్ వంశాన్ని ప్రపంచానికి తెలిపిన మేయర్ ఆమ్‌షెల్ సంసారం చేసింది ఆకుపచ్చ డాలు ఇంట్లో. ఇల్లు మారింది, ఇంటిపేరు మారలేదు.

ఈ పేరున్నవారందరూ ఒకే కుటుంబమా? అరుదైన పేరు, అరుదైన ఊరు, ప్రసిద్ధుడైన మూలపురుషుడు. ఈ మూడూ ఉన్నప్పుడు ఒకే కుదురు అనుకోవడం సహజమే, తరచు నిజం కూడా. మెయిర్ గారి కొడుకు శామ్యూల్ యూదా పాడువాలో, వెనిస్‌లో పేరున్న రబ్బీ. ఆయన కొడుకు సౌల్ పోలండ్-లిథువేనియా వెళ్ళి, నేటి బెలారూస్‌లోని బ్రెస్ట్‌లో స్థిరపడి, ఉప్పు గనుల గుత్తలు, పన్నుల గుత్తలు పట్టి గొప్ప ధనికుడయ్యారు. అక్కడి నుంచి ఈ పేరు పోలండ్, లిథువేనియా, జర్మనీలలోని రబ్బీల ఇళ్ళకు పాకింది. జర్మన్ ఊరిపేరు ఇటలీ వెళ్ళి, పోలండ్ తిరిగి, మళ్ళీ జర్మనీకి చేరింది. మీ సహోద్యోగి పూర్వీకులు ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి అర్ధరోజు నడకలో ఉన్న ఊరి నుంచి సరాసరి వచ్చారని మాత్రం అనుకోకండి. నడక కూడా అర్ధరోజుది కాదు లెండి, కొండలు దాటాలి.

సౌల్ గారికి ‘వాల్’ అన్న మరో పేరు ఉంది. దాని చుట్టూ ఒక కథ ఉంది, ఈ కుటుంబంవారు ఎవరు కలిసినా అదే ముందు చెబుతారు. 1586 డిసెంబరులో పోలండ్ రాజు స్టెఫాన్ బాటొరీ చనిపోయాడు. కొత్త రాజును ఎన్నుకోవడంలో ప్రభువులకు పొత్తు కుదరలేదు. గడువు రోజు ముగిసేలోగా సింహాసనం ఖాళీగా ఉండకూడదు కనుక, రజివిల్ ప్రభువు మాట మీద సౌల్‌ను ఒక్క రాత్రికి రాజును చేశారట. వాల్ అంటే జర్మన్‌లో ఎన్నిక, అందుకే ఆ పేరట. కథ బంగారంలా ఉంది. కానీ ఆ కాలపు పత్రం ఒక్కటీ దీన్ని చెప్పదు. వంశంలోని తర్వాతి తరాలవారే దీన్ని రాసిపెట్టారు. 1587లో మూడవ సిగిస్మండ్ రాజయ్యాడు, ఆయన సౌల్‌కు రాజసేవకుడన్న హోదా ఇచ్చాడు. పత్రాలకు దొరికే రాజసంబంధం అంతవరకే. ‘వాల్’కు ఇంకో వివరణ ఉంది: పాత జర్మన్‌లో ఇటలీవాడిని వాల్ఖ్ అనేవారు, పోలిష్‌లో ఇప్పటికీ వ్వోఖ్ అంటారు. పాడువా నుంచి వచ్చినవాడికి బ్రెస్ట్ జనం ‘ఇటలీవాడు’ అని పేరు పెట్టడంలో వింత ఏముంది? ఊరు వదిలినవాడికి అంటుకునే పేరు మళ్ళీ అదే. నా ఓటు దీనికే. ఒకసారి ఈ మాట ఒక పెద్దావిడతో అంటే, ‘మా తాతకు తాత రాజు కాదని చెప్పడానికి నీకు డబ్బులిచ్చానా’ అన్నారు. బిల్లు మాత్రం చెల్లించారు.

ఇక జాగ్రత్తలు. పేరు చూసి చుట్టరికం కలిపేవారు పడే గుంటలు నాకు బాగా తెలుసు, కొన్నిటిలో నేనే పడ్డాను.

మొదటిది, కాట్స్ అన్న ఇంటిపేరు దీని ముక్క కాదు. కాట్స్ చాలా సాధారణమైన యూదు ఇంటిపేరు. హీబ్రూలో ‘కొహెన్ త్సెదెక్’, అంటే ధర్మమార్గపు పురోహితుడు, అన్న రెండు మాటల మొదటి అక్షరాలు కలిపితే వచ్చినది. పిల్లికి దానికి సంబంధం లేదు. సమాధి రాయి మీద హీబ్రూ చూస్తే తేడా వెంటనే తెలుస్తుంది: పురోహితుల కాట్స్ ‘కాఫ్’ అక్షరంతో మొదలవుతుంది, మధ్య సంక్షేప చిహ్నం ఉంటుంది. కాట్సెనెలెన్‌బోగెన్ ‘కోఫ్’తో మొదలవుతుంది. మన చెవికి రెండూ ‘క’యే, రాతలో వేరు. ఒక కుటుంబం ‘మేము పాడువా మహారామ్ సంతతి, అమెరికాలో పేరు కుదించుకున్నాం’ అని నమ్మకంగా చెప్పుకుంటూ ముత్తాత సమాధి ఫొటో పంపింది. అక్షరం కాఫ్, పైన దీవిస్తున్న రెండు చేతులు చెక్కి ఉన్నాయి. అవి పురోహిత వంశాల గుర్తు. ఆ ఫొటో ఒక్కటే నలభై పేజీల వంశవృక్షాన్ని కూల్చింది.

రెండవది, ఎల్‌బోగెన్, ఎలెన్‌బోగెన్, బోగెన్ అన్న పేర్లు. వీటిలో కొన్ని నిజంగానే ఈ పొడుగు పేరుకు కత్తిరింపులు. కానీ బొహీమియాలో, నేటి చెక్ దేశంలో, ఓహ్‌ర్జె నది చుట్టు తిరిగిన కొండ మీద లోకెట్ అనే పట్టణం ఉంది. దాని జర్మన్ పేరు ఎల్‌బోగెన్. చెక్ భాషలో లోకెట్ అన్నా మోచేయే. అక్కడి నుంచి వచ్చిన యూదులకు ఆ పేరు వచ్చి ఉండవచ్చు, పిల్లితో పని లేకుండా. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన ఒక బోగెన్ కుటుంబం పత్రాలు నేను చదివాను. పాడువా దారి పట్టుకుందామని మొదలుపెడితే, మూడు తరాల వెనక్కి వెళ్ళేసరికి బొహీమియా పల్లెటూళ్ళు తగిలాయి. వాళ్ళు నిరుత్సాహపడ్డారు. నాకైతే ఆ పల్లెటూళ్ళ కథే ఎక్కువ నచ్చింది.

మూడవది, అల్లుళ్ళు. పేరున్న రబ్బీ ఇంటి అమ్మాయిని చేసుకున్నవాడు మామగారి ఇంటిపేరు పెట్టుకోవడం ఆ సమాజంలో ఉంది. కనుక పేరు ఉన్నంత మాత్రాన మగసంతతి గీత కాదు. తిరగేసి చూసినా అంతే. తత్త్వవేత్త మోజెస్ మెండెల్సన్ తండ్రి పేరు మెండెల్, అందుకే ‘మెండెల్ కొడుకు’. పేరులో పిల్లీ లేదు, మోచేయీ లేదు. కానీ తల్లివైపు సౌల్ వాల్ సంతతి అని కుటుంబ వంశవృక్షాలు చెబుతాయి. అసలు వారసులు ఎక్కువమంది వేరే ఇంటిపేర్ల కిందే ఉంటారు.

నాలుగవది రాత. ఊరి పేరులో ‘ఎల్న్’, ఇంటిపేరులో ‘ఎలెన్’. పోలిష్ రాతలో కాట్సెనెలెన్‌బోగెన్‌లో ‘ట్స్’ రాసే అక్షరాలే మారిపోతాయి, రష్యన్ కాగితాల్లో ఇంకోలా ఉంటుంది. వీటన్నిటికీ మించి పాత జర్మన్ చేతిరాత. అందులో ‘ఎ’, ‘న్’ దాదాపు ఒకేలా ఉంటాయి, రెండూ నిలువు గీతల జంటలే. ఈ పేరులో ఉన్నవన్నీ దాదాపు అవే కదా. చూడటానికి రంపపు పళ్ళలా ఉంటుంది. నేను పళ్ళు లెక్కపెట్టి చదువుతాను, సిగ్గు లేకుండా చెబుతున్నాను. అందుకని డిజిటల్ జాబితాల్లో వెతికేటప్పుడు ఒకే వర్ణక్రమంతో ఆగిపోవద్దు.

ఐదవది నేను పడిన గుంట. కొత్తలో ఒక కుటుంబానికి 1939–1942 నాటి పత్రాలు చదువుతూ, మగవారందరి పేర్లలో ‘ఇజ్రాయెల్’, ఆడవారందరిలో ‘సారా’ కనబడితే, ఇది తాతముత్తాతల పేరు కాబోలు అని వంశవృక్షంలో అందరికీ రాసిపెట్టాను. అది నాజీల చట్టం. 1938 ఆగస్టు 17న ఆజ్ఞ వచ్చింది, 1939 జనవరి 1 నుంచి, తాము ఆమోదించిన జాబితాలో లేని పేరున్న ప్రతి యూదుడూ ఆ పేరు అదనంగా చేర్చుకోవాలి. తన తాత పేరులో నేను దాన్ని గౌరవంగా రాసిన కాగితాన్ని చూసి ఆ మనవరాలు ఏమీ అనలేదు, పెన్ను తీసుకుని ఆ ఒక్క మాట కొట్టేసింది. మీరు అధికారులు అంటగట్టిన పేర్ల గురించి అడిగారు కదా. జర్మనీలో దాదాపు యూదులందరికీ నిజంగా అంటగట్టిన పేర్లు ఆ రెండు.

ఈ ఇంటిపేరున్నవారికి కూడా ఆ కాలం తప్పలేదు. బెర్లిన్‌లో షుల్ట్‌హైస్ బీరు సంస్థను నడిపిన లుడ్‌విగ్ కాట్సెనెలెన్‌బోగెన్ దేశం విడిచి వెళ్ళినా దొరికిపోయి, 1944లో బెర్లిన్‌లోనే ఖైదీగా మరణించారు. 1901లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పుట్టిన కళాచరిత్రకారుడు అడోల్ఫ్ కాట్సెనెలెన్‌బోగెన్ అమెరికా చేరి, షార్త్ర్ కెథడ్రల్ శిల్పాల మీద చదవదగిన పుస్తకం రాశారు. ఇద్దరి మధ్య చుట్టరికం ఉందో లేదో పేరును చూసి చెప్పడానికి నేను పూనుకోను, కారణాలు పైన రాసినవే.

మీ సహోద్యోగి కోరితే వెతకడానికి చోట్లు ఉన్నాయి. వీస్‌బాడెన్‌లోని హెస్సే రాష్ట్ర పత్రభాండాగారంలో ఆ ప్రాంతపు యూదు జనన, వివాహ, మరణ రిజిస్టర్లు ఉన్నాయి, చాలావరకు ఇంటర్నెట్‌లో చూడవచ్చు. జర్మన్ యూదు కుటుంబాలు దాచుకున్న వంశవృక్షాలు, ఉత్తరాలు న్యూయార్క్‌లోని లియో బెక్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. నాజీ కాలం గురించి అయితే బాడ్ ఆరోల్సెన్‌లోని ఆరోల్సెన్ పత్రాలయం. అడిగినవారికే ఇవి చెప్పండి. మీరు ముందే వెతికి ‘మీ తాతగారి కాగితం దొరికింది’ అని పట్టుకెళ్ళకండి.

నొచ్చుకుంటారా అన్నారు. ఇంత పొడుగు పేరున్నవారు చిన్నప్పటి నుంచి పిల్లి హాస్యం వింటూనే ఉంటారు, కనుక ‘పిల్లి మోచేయి’తో మాట మొదలుపెట్టవద్దు. ‘కోటలున్న ఆ ఊరేనా’ అని అడగండి, లేదా పాడువా పేరెత్తండి. ఎక్కువమంది సంతోషంగా రెండు కప్పుల కాఫీ అయ్యేదాకా చెబుతారు, రాజుగారి కథ కూడా వస్తుంది, వచ్చినప్పుడు అడ్డుతగలకండి. ముఖం ముడుచుకుంటే అక్కడితో వదిలేయండి. ఈమెయిలు రాసేటప్పుడు మాత్రం పేరును పైనుంచి కాపీ చేసి అతికించండి, చేత్తో టైపు చేస్తే ఒక ‘ఎ’నో ఒక ‘న్’నో తప్పకుండా జారిపోతుంది. ఈ సమాధానంలో నాకే రెండుసార్లు జారింది, దిద్దుకున్నాను.